చెరపకుండా దాచే ముసుగు – చెడకుండా పెరిగే గీత

మహానంది కోనేటి నీళ్ళ సంగతి మీరు వినే ఉంటారు. నంద్యాలకు తూర్పున, నల్లమల కొండల అంచున ఉన్న ఈ క్షేత్రంలో ఊటనీరు ఏడాది పొడవునా పారుతూనే ఉంటుంది. కోనేరు నింపి, ఆపైన కింది పొలాలకు సాగిపోతుంది. ఆ నీరు ఎంత తేటగా ఉంటుందంటే, అడుగున పడిన నాణెం కూడా గట్టుమీది వారికి స్పష్టంగా కనిపిస్తుంది. అదే చోట, నీటి ఉపరితలం మీద, గోపురం నీడా ఆకాశం నీలిమా కూడా కనిపిస్తాయి. అడుగున రాళ్ళు, వాటిమీద నాణెం, అన్నిటికీ పైన ప్రతిబింబం. ఒకదానిమీద ఒకటి ఉన్నా ఏదీ మరొకదాన్ని చెరిపివేయలేదు. గాలి వీస్తే ప్రతిబింబం చెదురుతుంది. నాణెం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

కంప్యూటరులో బొమ్మలను సరిదిద్దేవారు చేసే పనికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. వారు ఒక బొమ్మను ఒకే కాగితం మీద గీయరు. పారదర్శకమైన పొరలుగా గీసి, ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. ఈ పొరలనే లేయర్లు అంటారు. ఒక పొరలో కొంత భాగం కనిపించకుండా చేయాలంటే దాన్ని చెరపరు, దానికి ఒక ముసుగు తొడుగుతారు. ఈ ముసుగే లేయర్ మాస్కు. ఇక అక్షరాలు, అంచులు, వంపులు గీసేటప్పుడు రంగు చుక్కలతో కాకుండా లెక్కలతో గీస్తారు. ఈ లెక్కల బొమ్మలకే వెక్టర్ ఆకృతులని పేరు.

శివరాత్రి ఉత్సవాలకు ఒక నంది బొమ్మ కావాలనుకోండి. ఆహ్వానపత్రం మీద అది ఒక్క అంగుళం ఉండాలి. వీధి మలుపులో కట్టే బ్యానరు మీద పది అడుగులు ఉండాలి. రెండింటికీ ఒకే బొమ్మ పనికివస్తుందా? వస్తుంది, సరైన పద్ధతిలో గీస్తే. లేకపోతే బ్యానరు మీది నంది మూపురం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఎందుకలా? చూద్దాం.

గళ్ళ బొమ్మ, గీతల బొమ్మ

కెమెరా తీసిన ఛాయాచిత్రాన్ని కంప్యూటరు చిన్న చిన్న గళ్ళుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒక్కొక్క గడికి ఒక రంగు. ఈ గడినే పిక్సెల్ అంటారు. అడ్డంగా 100 గళ్ళు, నిలువుగా 100 గళ్ళు ఉన్న బొమ్మలో మొత్తం 10,000 గళ్ళుంటాయి. దీన్ని నాలుగింతలు పెంచితే 400 అడ్డం, 400 నిలువు అవుతుంది. అంటే 1,60,000 గళ్ళు. కానీ మన దగ్గర ఉన్న సమాచారం 10,000 గళ్ళదే గదా! మిగతా 1,50,000 గళ్ళ రంగులు ఎక్కడినుంచి వస్తాయి? కంప్యూటరు ఊహించుకుంటుంది. పక్క గళ్ళ రంగులకు సగటు కట్టి నింపుతుంది. అందుకే పెంచిన ఛాయాచిత్రం మసకబారుతుంది.

తగ్గించినా ప్రమాదమే. 100 గళ్ళ బొమ్మను 25 గళ్ళకు కుదిస్తే మిగిలేవి 625 గళ్ళు. మనసు మార్చుకుని మళ్ళీ పెంచినా పోయిన వివరాలు తిరిగిరావు. పాలు విరిగాక తోడు వేసి లాభం లేదన్నమాట.

గీతల బొమ్మ దారి వేరు. అందులో గళ్ళు ఉండవు. "ఈ బిందువు నుంచి ఆ బిందువుకు, ఇంత వంపుతో, ఒక గీత" అనే సూచన మాత్రమే ఉంటుంది. ముగ్గు పెట్టే అక్కయ్యలకు ఈ రహస్యం ఎప్పటినుంచో తెలుసు. వారు ముగ్గు బొమ్మను మొత్తంగా గుర్తుపెట్టుకోరు. ఎన్ని చుక్కలు, ఎన్ని వరుసలు, ఏ చుక్కను ఎటు చుట్టి రావాలి అన్నదే గుర్తు. చుక్కల మధ్య దూరం అంగుళం పెట్టినా, జానెడు పెట్టినా ముగ్గు ఒకటే. గీత మాత్రం ఎక్కడా మసకబారదు.

వంపుకు లెక్క ఏమిటి?

సరళరేఖకు రెండు బిందువులు చాలు. మరి వంపు గీతకు? ఇక్కడ ఒక చక్కని ఉపాయం ఉంది. గ్రాఫు కాగితం తీసుకోండి. అ (0, 0), ఆ (4, 8), ఇ (8, 0) అనే మూడు బిందువులు గుర్తించండి. గీత 'అ' దగ్గర మొదలై 'ఇ' దగ్గర ముగుస్తుంది. మధ్యలోని 'ఆ' గీతను తనవైపు లాగుతుంది, కాని గీత దాన్ని తాకదు.

ఇప్పుడు అ–ఆ రేఖకు మధ్యబిందువు చూడండి: (2, 4). ఆ–ఇ రేఖకు మధ్యబిందువు: (6, 4). ఈ రెండింటికీ మధ్యబిందువు: (4, 4). మన వంపు గీత సరిగ్గా ఈ (4, 4) గుండా పోతుంది. సగం బదులు నాలుగో వంతు దూరాలు తీసుకుంటే (1, 2), (5, 6) వస్తాయి. వాటి మధ్య మళ్ళీ నాలుగో వంతు నడిస్తే (2, 3). అది కూడా గీత మీది బిందువే. ఇలా ఎన్ని బిందువులు కావాలంటే అన్ని దొరుకుతాయి.

అసలు చమత్కారం ఇప్పుడు వస్తుంది. మూడు బిందువుల నిరూపకాలనూ రెట్టింపు చేయండి: (0, 0), (8, 16), (16, 0). మధ్యబిందువులు (4, 8), (12, 8). వాటి మధ్యబిందువు (8, 8). అంటే పాత (4, 4)కు సరిగ్గా రెట్టింపు! గీత మీది లక్ష బిందువులను పెంచనక్కరలేదు, మూడు బిందువులను పెంచితే గీత మొత్తం తనంతట తానే పెరుగుతుంది. వెక్టర్ బొమ్మ ఎంత పెంచినా చెడకపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్క బొమ్మల కోసం పుట్టలేదు, కార్ల కోసం పుట్టింది. ఫ్రాన్సులో సిట్రోయెన్ కార్ల సంస్థలో పనిచేసిన పాల్ ద కాస్తెల్జో 1959లో దీన్ని కనిపెట్టాడు. కాని సంస్థ దాన్ని రహస్యంగా ఉంచింది. రెనో సంస్థలోని పియర్ బెజియే 1960లలో అదే రకమైన పద్ధతిని స్వతంత్రంగా రూపొందించి ప్రకటించాడు. అందుకే ఈ గీతలు నేడు బెజియే వక్రరేఖలుగా ప్రసిద్ధమయ్యాయి. 1963లో అమెరికాలో ఐవన్ సదర్లాండ్ 'స్కెచ్‌ప్యాడ్' అనే కార్యక్రమంతో కంప్యూటరు తెర మీద వెలుగు కలంతో గీతలు గీసి, వాటిని తిప్పి, పెంచి చూపించాడు. 1984లో అడోబీ సంస్థ తెచ్చిన పోస్ట్‌స్క్రిప్టు భాష ఈ వక్రరేఖలను ముద్రణాలయాలకు చేర్చింది.

మన తెలుగు అక్షరాలూ ఇదే దారిలో వచ్చాయి. నేడు కంప్యూటరు తెర మీద మీరు చదివే ప్రతి తెలుగు అక్షరం ఒక వెక్టర్ ఆకృతే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఖతులైనా, పురుషోత్ కుమార్ గుత్తుల గారు రూపొందించగా సిలికానాంధ్ర ఉచితంగా అందించిన మండలి, గిడుగు, గురజాడ, సూరన్న వంటి ఖతులైనా, లోపల ఉన్నవి బిందువులూ వక్రరేఖలే. ఇంగ్లీషు 'ఎల్' అక్షరానికి నిటారు గీతలు చాలు. మన అక్షరాలు గుండ్రనివి, కాబట్టి ఖతి తయారుచేసేవారికి వంపు వంపుకూ పని. సున్ననే తీసుకోండి. దానికి బయటి వలయం ఒకటి, లోపలి వలయం ఒకటి. లోపలిది రంధ్రమని కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? బయటి వలయాన్ని ఒక దిశలోనూ, లోపలి దాన్ని దానికి ఎదురు దిశలోనూ గీస్తారు. రెండూ ఒకే దిశలో గీస్తే, సున్న కాస్తా నల్లని చుక్కగా మారిపోవచ్చు!

తిప్పడం, వంచడం, బోర్లించడం

ఆకృతిని పెంచడమే కాదు, జరపవచ్చు, తిప్పవచ్చు, వాల్చవచ్చు, అద్దంలో చూపినట్టు తిరగేయవచ్చు. వీటన్నిటినీ కలిపి రూపాంతరాలు అంటారు. ప్రతిదానికీ ఒక చిన్న సూత్రం ఉంది. బిందువును మూలబిందువు చుట్టూ 90 డిగ్రీలు అపసవ్య దిశలో తిప్పాలంటే (x, y) కాస్తా (–y, x) అవుతుంది. నిలువు అక్షానికి అటువైపు తిరగేయాలంటే (x, y)ని (–x, y)గా రాస్తే చాలు.

మహానందీశ్వరాలయ శిఖరాన్ని చూడండి. మన ప్రాంతపు గోపురాల్లా మెట్లు మెట్లుగా కాక, ఉత్తరాది ఆలయాల్లా రెండు పక్కలా వంపు తిరిగి పైకి సాగుతుంది. దీన్ని రేఖానాగర పద్ధతి అంటారు. బాదామి చాళుక్యుల నాటి శైలి ఇది. ఈ శిఖరాన్ని వెక్టరుగా గీసేవారు రెండు అంచులూ గీయరు. ఎడమ అంచు వంపు ఒక్కటి గీసి, తిరగేసి, కుడివైపు అతికిస్తారు. రెండు అంచులకూ వెంట్రుకవాసి తేడా ఉండదు.

రూపాంతరాలు చేసేటప్పుడు వరుస మరువకూడదు. (1, 0) అనే బిందువును తీసుకోండి. మొదట అడ్డంగా రెండింతలు సాగదీస్తే (2, 0). తర్వాత 90 డిగ్రీలు తిప్పితే (0, 2). ఇప్పుడు వరుస మార్చండి. మొదట తిప్పితే (0, 1). తర్వాత అడ్డంగా సాగదీస్తే (0, 1)గానే ఉంటుంది, ఎందుకంటే అడ్డం విలువ సున్న. పనులు రెండూ అవే, ఫలితం వేరు! చొక్కా వేసుకుని కోటు వేసుకోవడానికీ, కోటు వేసుకుని చొక్కా వేసుకోవడానికీ ఉన్నంత తేడా.

ఇంకొక జాగ్రత్త. అడ్డంగా ఒక కొలత, నిలువుగా ఒక కొలత పెంచితే వృత్తం దీర్ఘవృత్తమైపోతుంది. గుండ్రటి మూలలున్న ఫలకాన్ని ఒకేవైపు సాగదీసినప్పుడు మూలలు వికృతంగా కనిపించడం ఇందుకే.

ముసుగు కథ

ఇక ముసుగు సంగతి. దీన్ని అర్థం చేసుకోవడానికి రాయలసీమలోనే ఒక కళ ఉంది, తోలుబొమ్మలాట. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట ఈ బొమ్మలకు పేరు పొందింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలును పలుచగా చేసి, రంగులు అద్ది, నగలూ చీర అంచులూ ఉండేచోట సన్నని రంధ్రాలు పొడుస్తారు. వెనక దీపం పెడితే రంధ్రాల గుండా వెలుగు పూర్తిగా వస్తుంది, పలుచని తోలు గుండా రంగు వెలుగుగా కొంత వస్తుంది, మందమైన చోట రానేరాదు.

లేయర్ మాస్కు చేసేది సరిగ్గా ఇదే. మాస్కు ఒక నలుపు–తెలుపు బొమ్మ. అది తెల్లగా ఉన్నచోట పొర పూర్తిగా కనిపిస్తుంది. నల్లగా ఉన్నచోట దాగిపోతుంది. బూడిద రంగు ఉన్నచోట సగం సగం కనిపిస్తుంది. సాధారణంగా నలుపుకు 0, తెలుపుకు 255 అని అంకెలిస్తారు.

లెక్క కూడా తేలికే. పై పొరలో ఒక గడి వెలుగు 200, కింది పొరలో అదే చోట 100 అనుకుందాం. మాస్కు అక్కడ నాలుగో వంతు మాత్రమే తెరిచి ఉంది. అప్పుడు కంటికి కనిపించేది: పై పొరలో నాలుగో వంతు 50, కింది పొరలో ముప్పాతిక 75, మొత్తం 125. ఇలా ప్రతి గడికీ లెక్క కట్టి కంప్యూటరు చిత్రాన్ని చూపిస్తుంది. ప్రతి గడితో పాటు దాని పారదర్శకతను కూడా అంకెగా దాచే ఆలోచన 1970ల చివర ఎడ్ క్యాట్మల్, ఆల్వీ రే స్మిత్‌లది. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ పొరలను కలిపే సూత్రాలను క్రమబద్ధం చేసి ప్రకటించారు. 1990లో ఫోటోషాప్ విడుదలైంది, 1994లో దానికి పొరలు వచ్చాయి, 2000లో వెక్టర్ ఆకృతుల పొరలు వచ్చాయి. ఉచితంగా దొరికే జింప్, ఇంక్‌స్కేప్ వంటి వాటిలోనూ నేడు మాస్కులున్నాయి.

మాస్కును రెండు రకాలుగా చేయవచ్చు. గళ్ళతో చేస్తే పొగమంచులా మెల్లగా కరిగిపోయే అంచులు వస్తాయి. వెక్టర్ గీతతో చేస్తే కత్తెరతో కత్తిరించినట్టు పదునైన అంచు వస్తుంది. రెండో దాన్ని ఎంత పెంచినా అంచు పదును తగ్గదు.

గొలుసు కలిపితే, విప్పితే

ఇప్పుడు ఒక బొమ్మ తయారుచేద్దాం. 'మ' అనే పెద్ద అక్షరం. ఆ అక్షరం లోపల మహానంది కోనేటి ఛాయాచిత్రం కనిపించాలి. అడుగు పొర ఛాయాచిత్రం, దానికి 'మ' ఆకారపు వెక్టర్ ముసుగు. 'మ' ఒక కిటికీ అయితే, కోనేరు కిటికీ బయటి దృశ్యం.

ఫోటోషాప్‌లో పొరకూ ముసుగుకూ మధ్య ఒక చిన్న గొలుసు గుర్తు కనిపిస్తుంది. గొలుసు ఉంటే రెండూ కలిసి నడుస్తాయి. తిప్పితే రెండూ తిరుగుతాయి, పెంచితే రెండూ పెరుగుతాయి. గొలుసు విప్పితే ఎవరి దారి వారిదే. ఛాయాచిత్రాన్ని మాత్రం పట్టుకుని జరిపితే, 'మ' కదలకుండా దాని లోపల కోనేటిలోని వేరే భాగం కనిపిస్తుంది. ముసుగును మాత్రం పట్టుకుని జరిపితే, చిత్రం కదలకుండా కిటికీ జరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవారు "అక్షరాన్ని జరిపితే బొమ్మ ఎందుకు జరిగింది?" అని తికమకపడేది ఈ గొలుసు దగ్గరే.

గొలుసు కలిపి ఉన్న ఈ బొమ్మను పదింతలు పెంచామనుకోండి. 'మ' అంచు పదునుగానే ఉంటుంది, అది లెక్క కనుక. లోపలి కోనేరు మసకబారుతుంది, అది గళ్ళు కనుక. అందువల్ల బ్యానరుకు వెళ్ళే బొమ్మలో ఛాయాచిత్రాన్ని మొదటినుంచే పెద్దదిగా తీసుకోవాలి. పదే పదే పెంచి తగ్గిస్తే, వాల్చి తిప్పితే, ప్రతిసారీ గళ్ళు కొంత నష్టపోతాయి. ఈ నష్టం తప్పించడానికి 2005లో ఫోటోషాప్‌కు ఒక ఏర్పాటు వచ్చింది. అసలు చిత్రాన్ని భద్రంగా లోపల దాచి, చేసిన మార్పులను మాత్రం సూచనలుగా రాసుకుంటుంది. ప్రతిసారీ అసలు దగ్గరినుంచే మొదలుపెడుతుంది. దీన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్ అంటారు.

రాతి మీది అక్షరానికి అన్యాయం జరగకుండా

ఇదంతా బ్యానర్లకేనా అంటే, కాదు. చెరపకుండా పనిచేయడమనే ఈ పద్ధతి చరిత్రకు ఎంతో అవసరం.

కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళ రాజు ఎరికల్ ముత్తురాజు కాలపు శాసనం ఉంది. తెలుగులో ఇంతవరకు దొరికిన శాసనాలలో ఇదే మొదటిదని, క్రీ.శ. 575 నాటిదని పండితులు చెబుతారు. ఇలాంటి రాతి శాసనాలకు నకలు తీసే పాత పద్ధతి ఒకటుంది. తడి కాగితాన్ని రాతిమీద పరిచి, బ్రష్షుతో కొట్టి, చెక్కిన గాళ్ళలోకి కాగితం దిగేట్టు చేస్తారు. తర్వాత పైన సిరా అద్దుతారు. ఎత్తైన చోట నలుపు అంటుతుంది, అక్షరం దిగిన చోట తెలుపు మిగులుతుంది. గమనించారా? కంప్యూటరు పుట్టకముందే ఇదొక నలుపు–తెలుపు ముసుగు!

నేడు అరిగిన శాసనాన్ని ఛాయాచిత్రం తీసి కంప్యూటరులో చదవవచ్చు. అరిగిన అక్షరం ఉన్నచోట వెలుగు పెంచాలి. ఏది గీత, ఏది పగులు అని పోల్చుకోవాలి. ఇక్కడే చిక్కు. ఎవరైనా అసలు ఛాయాచిత్రం మీదే పగుళ్ళు చెరిపి, తమకు తోచిన అక్షరం గీశారనుకోండి. రేపు ఆ చిత్రం చూసేవారికి రాయి చెప్పినదేదో, గీసినవారు ఊహించినదేదో తెలియదు. ఒక్క గీత తేడాతో ఊరి పేరు మారవచ్చు, దానం ఇచ్చినవారి పేరు మారవచ్చు.

పొరలతో పనిచేస్తే ఈ ముప్పు ఉండదు. అడుగున అసలు ఛాయాచిత్రం, దానికి ఎవరూ చేయి పెట్టరు. దానిపైన వెలుగు పెంచే పొర, అక్షరాల చోట మాత్రమే తెరిచిన ముసుగుతో. అన్నిటికీ పైన వెక్టర్ గీతలతో అక్షరాల రూపం. అనుమానం వచ్చినవారు పై పొరను ఆపి రాయిని తామే చూసుకోవచ్చు. ఒప్పుకోనివారు తమ గీతను వేరే పొరలో గీసి వాదించవచ్చు. విజ్ఞానశాస్త్రంలో కొలతనూ ఊహనూ వేరువేరుగా రాయాలని చెబుతారు గదా, ఇది అదే.

రూపాంతరాల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. అక్షరాల ఆకారాన్ని, పొడవు వెడల్పుల పోలికను బట్టి శాసన కాలాన్ని అంచనా వేస్తారు. చిత్రాన్ని ఒకవైపే సాగదీస్తే ఆ అంచనా తప్పుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోని అశోకుడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకూ సాగుతాయి. అలాంటి చిత్రాన్ని పొరపాటున అద్దంలోలా తిరగేస్తే చదివేవారి గతి ఏమిటి? అందుకే శాసనం పక్కన కొలబద్ద పెట్టి ఛాయాచిత్రం తీస్తారు. కొలబద్ద మీది అంకెలు తిరగబడినా, సాగినా వెంటనే తెలిసిపోతుంది.

దాగింది పోలేదు, జ్ఞాపకముంచుకోండి

ముసుగుకు ఉన్న గొప్ప గుణమే ఒక్కోసారి చిక్కు తెస్తుంది. మాస్కు చెరపదు, దాచుతుంది. ఎవరికైనా ఒక పత్రం పంపేటప్పుడు అందులోని ఫోను నంబరు మీద నల్లని చతురస్రం పెట్టి, పొరలతో సహా ఆ ఫైలునే పంపారనుకోండి. అందుకున్నవారు ఆ నల్ల పొరను పక్కకు జరిపి నంబరు చదువుకోవచ్చు. రహస్యంగా ఉండవలసినదాన్ని పంపేముందు పొరలన్నీ కలిపి ఒకే గళ్ళ బొమ్మగా మార్చి, ఆ నకలునే పంపాలి. పొరలున్న అసలు ఫైలు మన దగ్గరే ఉంచుకోవాలి.

మీరే చేసి చూడండి

కంప్యూటరు లేకపోయినా ఈ ప్రయోగాలు చేయవచ్చు.

1. గ్రాఫు కాగితం మీద పైన చెప్పిన అ, ఆ, ఇ బిందువులు గుర్తించి (0, 0), (2, 3), (4, 4), (6, 3), (8, 0) బిందువులను కలుపుతూ వంపు గీయండి. తర్వాత 'ఆ' బిందువును (4, 8) నుంచి (8, 8)కి జరిపి, మధ్యబిందువుల లెక్క మళ్ళీ వేయండి. గీత ఎటు వాలిందో చూడండి.

2. పాత అట్టముక్కలో మీ పేరులోని మొదటి అక్షరం ఆకారంలో రంధ్రం కత్తిరించండి. దాన్ని వారపత్రికలోని రంగుల బొమ్మ మీద పెట్టండి. అట్టనూ బొమ్మనూ క్లిప్పుతో కలిపి తిప్పండి. తర్వాత క్లిప్పు తీసి బొమ్మను మాత్రం జరపండి. గొలుసు ఉన్న మాస్కుకూ లేని మాస్కుకూ తేడా మీ చేతిలోనే తెలుస్తుంది.

3. అదే రంధ్రంలో సగభాగానికి నూనె రాసిన పలుచని కాగితం అంటించండి. అక్కడ బొమ్మ మసకగా కనిపిస్తుంది. అదే బూడిద రంగు ముసుగు.

4. చీకటి గదిలో చిన్న టార్చిలైటు ముందు అట్టబొమ్మ పట్టుకోండి. దీపానికీ గోడకూ సరిగ్గా మధ్యన ఉంచితే నీడ రెండింతలవుతుంది. ఎందుకో సమరూప త్రిభుజాల పాఠం తీసి చూసి, కారణం నోటుపుస్తకంలో రాయండి. ఇంకా దీపం దగ్గరికి జరిపి, అంచులు ఏమవుతున్నాయో గమనించండి. నీడ పెరిగేకొద్దీ అంచు మసకబారితే, దీపం ఒక బిందువు కాదని అర్థం.